నీలం రంగు వేసిన నల్ల కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చోని ఏడాది ఒకటి వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊరంతా లేచిన అరవై తొమ్మిది అది. బడులు మూశారు. బస్సు వస్తుందో రాదో, వచ్చినా దానికి అద్దాలు ఉంటాయో లేదో ఎవరూ చెప్పలేకపోయేవారు. మా దిల్‌సుఖ్‌నగర్ అప్పట్లో నగరానికి కొస. మలక్‌పేట వైపు నుంచి పోలీసు జీపు శబ్దం వినబడితే చాలు, మా అమ్మ పొయ్యి మీది గిన్నె వదిలేసి పిల్లలందరం ఉన్నామో లేదో చూసుకోవడానికి వాకిట్లోకి పరుగెత్తేది. బడి లేదన్న నా సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరగడమే పనైపోయింది.

మా నాయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే దక్కాలని ఉద్యోగులంతా సమ్మెకు దిగితే ఆయనా దిగాడు. ఊరికే దిగడం కాదు, మా వాడకట్టులోని ఉద్యోగులను కూడగట్టి, ఎవరూ వెనక్కి పోకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నది ఆయనే. జీతాలు ఆగిపోయాయి. కిరాణా కొట్టు సేటు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. మాట ఇచ్చినవాళ్లలో ఒకరిద్దరు తల వంచుకుని ఆఫీసుకు పోయి సంతకం పెట్టి వచ్చారు. మా నాయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, నోట్లో పెట్టుకునేవాడు కాదు. రేపో మాపో తానూ అలాగే పోవలసి వస్తుందన్న భయం ఆయన్ని తినేస్తున్నదని నాకు కూడా అర్థమైంది.

ఇంట్లో అమ్మడానికి మిగిలింది ఒక్కటే, మా తాత కారు. మా తాత నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరుగా చేశాడు. జాగీర్లు పోయాక ఆ జాగీర్దారు బంగళా ఖాళీ చేస్తూ, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన ఆ నల్ల కారును మా తాతకు ఇచ్చి వెళ్లాడు. తాత ఉన్నన్నాళ్లు అది నడిచింది. ఆయన పోయాక మా పెరటి కొట్టంలో కట్టెల మధ్య నిలబడిపోయింది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి, స్టీరింగు మీద మా అమ్మ గుడ్డలు ఆరేసేది.

దాన్ని కొంటానని వచ్చిన మనిషి విజయవాడ ఆయన. అక్కడ ఆయనకు రైసు మిల్లు ఉందట, పాత కార్లు కొని బాగు చేయించుకునే పిచ్చి ఉందట. మా చర్చి పాస్టరు ద్వారా విని వచ్చి, చీకటి కొట్టంలో ఆ కారు చుట్టూ తిరిగి, తుప్పు పట్టిన మడ్‌గార్డును జ్వరం ఉందేమో చూసినట్టు చేత్తో తాకాడు. ఆదివారం పగటి వెలుతురులో చూసి ఏ మాటైనా చెబుతానని వెళ్లాడు. మా నాయన తమ్ముణ్ని మేము కాక అనేవాళ్లం, కాలేజీ మానేసి ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. "ఆంధ్రోళ్లు మన కొలువులు తింటున్నరని సమ్మె. ఆ సమ్మె నిలబడాల్నంటె ఆంధ్రాయనకే కారు అమ్మాలె," అని నవ్వబోయాడు గానీ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆదివారం వచ్చేదాకా అన్నదమ్ములిద్దరికీ కాలు నిలిస్తే కదా! మాలాంటి క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కు ముందు తలుపులకూ కిటికీలకూ రంగు వేస్తారు. ఎంత పాత తలుపైనా ఒక్క పూత పడితే కొత్తదైపోతుందని మావాళ్ల నమ్మకం. మొన్నటి పండుగకు వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా అటక మీద ఉంది. శనివారం పొద్దున దాన్ని దించారు. తుప్పు మీద, సొట్టల మీద, దీపాల చుట్టూ ఉన్న ఇత్తడి మీద కూడా ఏదీ వదలకుండా పూసేశారు. సాయంత్రానికి మా తలుపులూ మా కారూ ఒకే రంగు. నాకైతే అంత అందమైన కారు లోకంలో లేదనిపించింది. మా నాయనమ్మ మాత్రం గడపలో నిలబడి ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మేము చర్చి నుంచి వచ్చేసరికి విజయవాడ ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. బస్సులు లేక చాలా దూరం నడిచే వచ్చాడు. నోరు విప్పితే ఏ ప్రాంతంవాడో తెలిసిపోతుందని దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చాడట. కొట్టం తలుపు తీయగానే ఆయన ముఖం వాడిపోయింది.

"ఇదేంటండీ! ఎందుకు పూశారండీ? ఏం దాచడానికి పూశారు?"

మంచిగ కనబడాల్నని ఏసినం అని మా నాయన చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. "మేం దోచుకుంటున్నామని రోజూ ఊరేగింపులు చేస్తారు. మరి దీన్నేమంటారండీ?" అనేసి వెనక్కి తిరిగాడు. మా కాక చొక్కా చేతులు పైకి మడిచాడు. మా నాయన ముఖం నల్లబడింది. మోసగాడనిపించుకోవడం ఆయన ఏనాడూ ఎరగడు. అమ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే, నేను నొప్పికి అరవబోయి ఊరుకున్నాను. ఆ మనిషి గేటు దాటాడంటే మా నాయన సోమవారం ఆఫీసుకు పోయి సంతకం పెట్టడం ఖాయం.

అప్పుడు మా నాయనమ్మ వచ్చింది. చర్చికి కట్టుకున్న తెల్ల చీర కొంగు నడుముకు బిగించి, ఒక చేతిలో కిరోసిన్ సీసా, ఇంకో చేతిలో పాత గుడ్డతో కారు ముందు గొంతుక్కూర్చుంది. "రాత్రి దీపానికి ఎట్ల, అత్తా?" అని మా అమ్మ అంటున్నా పట్టించుకోలేదు.

"జర ఆగు కొడుకా. గా రంగు నా కొడుకులేసిండ్రు. దాచనీకి కాదు, ఎర్రితనానికి. నేను కడుగుత, నువ్వు సూడు."

నిన్న వేసిన రంగు కదా, ఇంకా పచ్చిగానే ఉంది. కిరోసిన్ తగలగానే ముద్దలుగా ఊడి వచ్చింది. మొదట మడ్‌గార్డు బయటపడింది. సూర్యాపేట బాటలో బర్రె అడ్డం వస్తే తగిలిన సొట్ట ఇది, అప్పుడు మా తాత తాగి లేడు గానీ నిద్రమత్తులో ఉన్నాడు అని చెప్పింది. ఆ సంగతి మా నాయనకే తెలియదు. తర్వాత తలుపు. అది తీగతో కట్టి ఉందని, తీగ విప్పితే ఊడి చేతికొస్తుందని చూపించింది. అడుగు రేకుకున్న చిల్లిలో తన చెయ్యి దూర్చి అవతల వేళ్లు ఆడించింది. బ్రేకులు లేవంది. ఇంజను ఏనాడు ఆగిందో, ఆగే ముందు ఎట్లా దగ్గిందో చెప్పింది.

గేటు దగ్గర ఆగిన మనిషి ఒక్కో అడుగే వెనక్కి వచ్చాడు. కాసేపటికి ఆమె పక్కన కూర్చుని ఇంకో గుడ్డ తీసుకున్నాడు. ఇద్దరూ తుడుస్తూనే ఉన్నారు.

"ఇంకేమైనా ఉందా మామ్మగారూ?"

"వానొస్తె లోపట గొడుగు పట్టాలె."

ఆయన నవ్వేశాడు. మా నాయన వైపు తిరిగి, తొందరపడి మాట జారానండీ అన్నాడు. మా నాయన ముఖం తిప్పుకునే తల ఊపాడు. కానీ బేరం కుదిరింది, డబ్బు నాయనమ్మ చేతికి వచ్చింది. మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

అంతటితో అయిపోయిందని నేననుకున్నాను. కారును తీసుకుపోయే లారీ విజయవాడ బాటలో పెద్ద అంబర్‌పేట్ దగ్గరే ఆగిపోయింది, రాళ్లు పడతాయని దాని డ్రైవరు నగరం లోపలికి రానన్నాడు. సరూర్‌నగర్ రైతు ఒకాయన ఎడ్లను కట్టి అక్కడిదాకా లాగించడానికి ఒప్పుకున్నాడు. గాలి నిలవని టైర్లలో గడ్డి కూరారు. దారిలో, ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తా ఉన్నచోట, కుర్రాళ్లు గుంపుగా నిలబడి వచ్చిన ప్రతి బండినీ ఆపుతున్నారని అందరికీ తెలుసు. వెంట పొమ్మని నాయనమ్మ కొడుకులతో అంది. పైసలు ముట్టినయి గదా, ఇగ ఆయన తిప్పలు ఆయనవి అన్నాడు కాక. మా నాయన గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

నాయనమ్మ నన్ను చంకకెత్తుకుని పోయి, స్టీరింగు పట్టుకున్న ఆ మనిషి పక్కన కూర్చుంది. ఎడ్లు కదిలాయి. వీధి మలుపు తిరుగుతుండగా వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మా నాయన వచ్చి ఎడ్ల ముందు నడిచాడు. కాక గొణుక్కుంటూ వెనకాల నడిచాడు, దిగుడులో చక్రం కింద పెట్టడానికి మొద్దు పట్టుకుని.

చౌరస్తాలో కుర్రాళ్లు చుట్టుముట్టారు. సమ్మెలో మా నాయనను ఎరిగినవాడొకడు, కారు కొన్నదెవరో విన్నట్టున్నాడు, ముందుకు వచ్చి, "అన్నా, గా ఆంధ్రాయనకు నువ్వు కావలి కాస్తున్నవా?" అని అడిగాడు.

"బండి మాది," అన్నాడు మా నాయన. "లారీ ఎక్కేదాక మాదే. జరుగుండ్రి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని జరిగారు. మా నాయనమ్మ చీర కొంగుతో నా ముఖం మీది చెమట తుడిచింది. సమ్మె విరమించేదాకా మా నాయన సంతకం పెట్టలేదు.

ఈమధ్య నేను దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు అమ్మాను. సున్నం వేయించమని అందరూ చెప్పారు, నేను వినలేదు. కొనేవాళ్లను వానలో పిలిచి గోడలకు చెమ్మ ఎక్కడెక్కడ దిగుతుందో చూపించాను. రిజిస్ట్రేషన్ అయ్యాక నీళ్ల కనెక్షన్ దగ్గర ఏదో చిక్కు వచ్చి ఆ దంపతులు దిక్కుతోచక తిరుగుతుంటే, ఈ మోకాళ్లతోనే వాళ్ల వెంట ఆఫీసుల చుట్టూ తిరిగాను. నా కొడుకుకు కోపం వచ్చింది. "ఇల్లు అమ్మేసినవు గదా అమ్మా, ఇంక వాళ్లది గదా, నీకెందుకు?" అన్నాడు.

"వాళ్ల నల్లాల నీళ్లు రానియ్యి," అన్నాను, "అప్పుడు వాళ్లది."