సంఘం ఎదురిల్లు

ప్రేమలీల నెల్లూరులో ఒక మందుల పంపిణీ ఆఫీసులో అడ్రసులు సరిచూస్తుంది. జనం ఇష్టమొచ్చినట్టు రాసినదాన్ని కంప్యూటరు ఊరు, మండలం, పిన్‌కోడు అని విడగొట్టి వరసలో పెడుతుంది. అనుమానమొస్తే పసుపు రంగు చూపిస్తుంది. ఆమె చూసి సరే నొక్కాలి. నొక్కీ నొక్కీ ఆమె చూడటం మానేసింది. ఎవరైనా అంతే. రోజూ నిజం చెప్పేవాడి మాట ఎవరు పరీక్షిస్తారు?

ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. అల్లూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాలెం నుంచి, వెంకటశేషమ్మ.

"అక్కా, మా చిట్టికి ఫిట్సు మందు ఇంకా రాలా. నిన్నటితో సీసా అయిపోయింది. ఆస్పత్రికి పోతే ఆ మందే పొయ్యాలన్నారు. బిడ్డ కళ్ళు తేలేస్తా ఉందక్కా!"

ప్రేమలీల అడ్రసు తెరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో 'సంఘం ఎదురిల్లు, పట్టపుపాలెం, అల్లూరు' అని ఉంది. కంప్యూటరు దాన్ని సంగం మండలానికి మార్చేసింది. కింద, సరిచూసినవారు అన్నచోట ప్రేమలీల పేరు.

చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో సంఘమంటే వాళ్ళ సొసైటీ భవనం. ఆదివారం ప్రేమలీల ప్రార్థనకు వెళ్ళేదీ సంఘమే. ఇంగ్లీషులో రాస్తే అన్నీ కలిసి పెన్న ఒడ్డున ఉన్న సంగం ఊరైపోతాయి. మిషనుకు తెలియదు సరే, సరిచూడాల్సిన ఈ మహాతల్లికి ఏమైంది?

వ్యాను డ్రైవరుకి ఫోన్ చేసింది. "పెంచలన్నా, యాడుండావు?"

"సంగం బ్యారేజీ కాడ. వెంకటశేషమ్మంటే ఈడ ఎవురికీ తెలీదంట."

"అల్లూరికి తిప్పన్నా! దారిలో కొడవలూరు కాడ నేనెక్కుతా."

ఆ మందు నెల్లూరులో ఇంకెక్కడా దొరకలేదు. ఉన్న ఒక్క సీసా వ్యానులోనే ఉంది. కొడవలూరులో ఎక్కి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. రొయ్యల గుంటల మధ్య దారి ఎంతకీ తరగడం లేదు. వెంకటశేషమ్మ ఫోను ఎత్తడం లేదు. ఎత్తకపోతే ఒక భయం, ఎత్తితే ఏం వినాల్సొస్తుందోనని ఇంకో భయం. "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప ఆమెకు ఇంకో మాట రాలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి చిట్టి తల్లి ఒళ్ళో ఉంది. ఫిట్సు వచ్చి తగ్గినట్టుంది. నాలుక కరుచుకుంది, పెదాల మీద రక్తం. అప్పుడే కాస్త తెలివొస్తోంది. తల్లి చెంచాతో మందు పోసింది. పిల్ల గుటక వేసింది. కాసేపటికి నీళ్ళడిగింది. ప్రేమలీల పక్కనే కూలబడి, ఏడుస్తూ, చిట్టి తల నిమిరింది.

మందు అడ్రసు తప్పి సంగం పోయిందని డ్రైవరు పెంచల్ చెప్పాడు. "నాదే తప్పక్కా," అంది వెంకటశేషమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "పది తప్పినదాన్ని. అడ్రసు సరిగ్గా రాయలేకపోయినా. మీకెంత శ్రమ!"

ఊరుకోమన్నట్టు పెంచల్ కనుసైగ చేశాడు. ప్రేమలీలకు ఊరుకోవడం చేతకాలేదు.

"నువ్వు సరిగ్గానే రాసినావమ్మా. చూడకుండా నొక్కింది నేను."

వెంకటశేషమ్మ బిడ్డ తల మీదున్న ప్రేమలీల చేతిని తీసి పక్కన పెట్టింది.