నా కంప్యూటరుకు ఏకాదశి

మీ ఇంట్లో ఇంటర్నెట్ నత్తనడక పట్టిన రోజున మీరు మొదట ఎవరిని అనుమానించారు? నిజం చెప్పండి. మిమ్మల్ని మాత్రం కాదు, అవునా?

నేను మా అక్కను అనుమానించాను. అనుమానంతో ఆగి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. శిక్ష కూడా వేశాను. ఆ శిక్ష వల్ల మా ఊరి దగ్గరి సముద్రపు ఒడ్డు పల్లె రామయ్యపట్నంలో ఇద్దరు ఆడపిల్లల చదువు నాలుగు రోజులు ఆగిపోయింది.

ఒడిశా బరంపురంలో మా ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మా పెద్దక్క. నాకు ముప్ఫయ్యేళ్లుగా ఒకటే పని. మనుషుల పెళ్లిళ్లు, చావులు గ్రహాలు నిర్ణయించవని బడా బజార్ వెనక ఒక అద్దె హాలులో వాదిస్తుంటాను. ఎదుటి పక్షం వస్తే వాళ్లతో, రాకపోతే కుర్చీలతో. "ఆధారం ఏది?" అన్నది నా ఊతపదం. పులుసులో ఉప్పు తక్కువైందని నా భార్య అన్నప్పుడు కూడా ఆధారం అడిగిన ఘనత నాది.

మా కనెక్షనుకు నెలకు ఇంత డేటా అని హద్దు ఉంది. దాటితే వేగం పడిపోతుంది. ఆ నెల సగం కాకముందే పడిపోయింది. అదనంగా డబ్బు కట్టి వేగం తిరిగి తెప్పించుకున్నాను. కంపెనీ యాప్‌లో రోజువారీ వాడకం నిలువు గీతలుగా కనిపిస్తుంది. చూస్తే ప్రతి రోజుదీ తాటిచెట్టంత గీత. ఇంట్లో ఎవరు వాడుతున్నారో మాత్రం యాప్ చెప్పదు. అది చెప్పని చోట నా అభిప్రాయాన్ని కూర్చోబెట్టాను. అక్క రోజూ పూజ చేస్తుంది. ఏకాదశికి ఉపవాసం ఉంటుంది. సాయంత్రం నాలుగు కాగానే ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఇంకేముంటుంది? ప్రవచనాలు! విచారణ ముగిసింది.

రూటరు సెట్టింగుల్లోకి వెళ్లి అక్క ఫోనును ఆపేశాను. ఆమె సిమ్ములో మాట్లాడుకోవడానికే తప్ప డేటాకు రీచార్జి లేదు. ఇంటి నెట్టు పోతే ఆమెకు వేరే దారి లేదు.

"ఒరే, నా ఫోన్లో నెట్టు రావట్లేదేటిరా?"

"లైను బాగోలేదక్కా. రేపో మాపో వస్తుంది."

సత్యం చేదుగా ఉన్నా చెప్పి తీరాలని ఎన్ని వ్యాసాలు రాశానో! ఈ అబద్ధం మాత్రం ఎంత తియ్యగా వచ్చిందో.

నాలుగు రోజులు గడిచాయి. గీత వేలెడైనా తగ్గలేదు. కనీసం అక్కడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఫలితం కనబడడానికి కొంత కాలం పడుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జోస్యం తప్పిన జ్యోతిష్కుడు సరిగ్గా ఇదే మాట అంటాడని ఒకప్పుడు హాలంతా నవ్వించినవాణ్ని నేనే.

అయిదో రోజు పొద్దున్న, రామయ్యపట్నం నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమె గుమ్మంలో తట్ట దించి అక్కను పిలిచింది.

"ఏటి తల్లీ, రేపు రేపు అని ఫోన్లో సెప్తన్నావు. మనవరాళ్లిద్దరూ రోజూ నాలుగింటికల్లా పలకలట్టుకుని కూసుంటన్నారు. టీచరమ్మ ఇంక పాటం సెప్పదేమోనని సిన్నది ఒకటే ఏడుపు."

"నేనేటి సేసేదే? లైను పోయిందట. మా తమ్ముణ్నడుగు."

అప్పుడు తెలిసింది. ఆ పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నోటినిండా మాట్లాడే భాషలో ఒక్క అక్షరం చదవలేరు. అక్క వాళ్లకు వీడియో కాల్లో గుణింతాలు నేర్పుతోంది.

"నాకు ఒక్క మాటైనా చెప్పలేదేం అక్కా?"

"సెప్తే ఊరుకుంటావేటిరా? భాషా ఉద్యమమని కరపత్రమేస్తావు. పిల్లల్ని హాలుకి లాక్కొచ్చి మైకు ముందర నిలబెడతావు. ఆళ్లకింకా దీర్ఘాలే కుదర్లేదు."

ఇక దాచలేకపోయాను. "లైను పోలేదక్కా. నీ ఫోనుకు నేనే ఆపేశాను. ప్రవచనాలు చూస్తూ డేటా అంతా అవగొడుతున్నావనుకున్నాను."

వంటింట్లోంచి నా భార్య గొంతు వినిపించింది. "ఆధారం ఏదండీ?"

చేపలామె తట్ట మీద గుడ్డ సర్దుకుంటూ, "పిల్లలే నయం బాబూ" అంది.

అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే వాదించేవాణ్ని.

"నా ఫోను నాలుగు రోజులు ఉపాసముంది. నీ గీత తగ్గిందా?"

"లేదు."

"హౌ," అంది, ఒడియావాళ్లు సరే అన్నట్టు. "ఇయ్యాల నీ కంప్యూటరికి ఏకాదశి. రేపు నీ పెళ్లాం ఫోనుకి. ఏది పస్తుంటే గీత కిందకొస్తదో అదే తిన్నట్టు. ఇందులో వాదనేటుంది?"

ఏముంటుంది? ఒక్కొక్కటీ ఆపి తేడా చూడమంటోంది. ఉపవాసాలను ఎగతాళి చేస్తూ కరపత్రం అచ్చు వేసినవాడికి ప్రయోగ పద్ధతి ఏకాదశి రూపంలో వచ్చి పాఠం చెప్పింది. కంప్యూటరు తీగ పీకి అక్క చేతికిచ్చాను. ఆమె ఫోనుకు నెట్టు తెరిచాను.

"ఇంకోటి. నాలుగింటికి నువ్వూ కూసో. పాటం ఎందుకాగిందో పిల్లలికి నువ్వే సెప్పు."

వందల మంది ముందు తడబడని నాలుక, ఆ సాయంత్రం తెర మీది రెండు జడల ముందు తడబడింది. ఎలాగో చెప్పాను. పెద్దది తల వంచుకుంది. చిన్నది పలక గడ్డం కింద పెట్టుకుని నన్నే చూసింది.

"తాతా, మరి టీచరమ్మనే అడగలేదేటి?"

ముప్ఫయ్యేళ్ల వాదాల్లో ఇంత చిన్న ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

మర్నాడు యాప్ తెరిస్తే తాటిచెట్ల పక్కన గడ్డిపరక. నా భార్య ఫోను ఉపవాసం ఉండాల్సిన అవసరమే రాలేదు. దొంగ నా కంప్యూటరు. ఖండించడానికని రోజూ జ్యోతిష్కుల వీడియోలు పెట్టేవాణ్ని. అయిదు నిమిషాలకే ఒళ్లు మండి శబ్దం తీసేసి, పక్క గదిలో ఖండన రాస్తూ కూర్చునేవాణ్ని. తెర మీద ఒకరి తర్వాత ఒకరు, హెచ్‌డీ బొమ్మతో, మధ్యాహ్నమంతా ఖాళీ కుర్చీకి రాశిఫలాలు చెప్పేవారు. హాలులో కుర్చీలతో వాదించిన నేను ఇంట్లో నా కుర్చీని వాళ్లకు అప్పగించాను.

"ఈ ఇంట్లో జోతిష్యం లేందే పూట గడవనిది మీకేనన్నమాట," అంది నా భార్య, నా ముందు ఇడ్లీల పళ్లెం పెడుతూ.

మీరు ఇది చదివి నవ్వి ఊరుకోకండి. లేచి మీ ఇంటి రూటరు పేజీ తెరవండి. అడక్కుండా ఎవరి ఫోనునైనా ఆపి ఉంటే ఈ క్షణమే వదలండి. మీ పరికరం తీగ ముందు పీకండి. తర్వాత ఆ గది తలుపు తట్టి, ఆపింది మీరేనని ఒప్పుకుని, లోపల ఏం చేస్తున్నారో అడగండి. అడిగి, నోరు మూసుకుని వినండి.