అర్జీల ఉర్దూ

నేను పట్నంకు బీఏ చదువబోయింది లెక్కల కోసం. లెక్కలంటే నాకు మంచినీళ్లు తాగినట్టే. కానీ అప్పట్ల సర్కారు భాష ఉర్దూ; లెక్కలు చదివేటోడైనా, ఇంకేం చదివేటోడైనా ఉర్దూల మజ్మూను, అంటే వ్యాసం, రాసి పాసు కావాల్సిందేనని యూనివర్సిటీ కట్టడి. లెక్కలకు మజ్మూనుతోని ఏం పనో నాకు ఇప్పటికీ సమజుగాలే. ఆ ఒక్కదాంట్ల తప్పిన. మళ్ల తప్పితే పేరు కొట్టేస్తమన్నరు.

ఎండకాలం సెలవులకు కామారెడ్డిల రైలు దిగి, ఎడ్లబండి మీద ఎల్లారెడ్డికి వచ్చిన. మా బాపు అక్కడ తహసీలు కచేరి ముంగట చాప పరుచుకొని, రైతులకు ఉర్దూల అర్జీలు రాసేటోడు. నాకొచ్చిన ఉర్దూ అంతా ఆ చాప మీద నేర్చిందే. సంగతి చెప్తే బాపు నవ్విండు.

"గింతేనా? నేను రాసిన అర్జీని ఏ సాబు గూడ తప్పు పట్టలే. కూసో, నేర్పుత" అన్నడు.

ఎండకాలమంతా నేర్పిండు. దండం పెట్టి మొదలువెట్టాలె, కష్టం చెప్పాలె, దయ చూడుమని ముగించాలె. నేను తలకాయ ఊపుకుంట రాసిన. ఎట్ల చెప్పాలె ఆయనకు? నేను తప్పింది దానికే. "వానకాలం మీద రాయమంటే, వానను మంజూరు చెయ్యమని అడిగినవేందయ్యా?" అని మా పంతులు అంటే క్లాసంత పగలబడి నవ్వింది. బాపు అంత ఖుషీగ నేర్పుతుంటే ఈ మాట చెప్ప నోరు రాలే. లోపల ఏడ్చిన.

మళ్ల పరీక్షకు పోతే నది మీద రాయమన్నరు. ఈసారి దండం పెట్టొద్దని ఒట్టువెట్టుకున్న. కలం పట్టుకొని శానసేపు కూసున్న. నదిని మెచ్చుకునే ఉర్దూ నాకు రాదు. అడుక్కునే ఉర్దూ ఒక్కటే వచ్చు. టైము అయిపోతుంటే భయమైంది, చెయ్యి దానంతటదే నడిచింది: "మంజీర ఒడ్డు గరీబు రైతులు చేతులు జోడించి చేసుకునే మనవి ఏమనగా..."

పేరు కొట్టేసిండ్రు.

ఇంటికొస్తే బాపు ఇంకొక్కసారి పరీక్ష రాయనియ్యమని యూనివర్సిటీకి అర్జీ పెడుదమన్నడు, నన్నే రాయమన్నడు. దండం పెట్టి, కష్టం చెప్పి, దయ చూడుమని రాసిన. బాపు రెండుసార్లు చదివిండు.

"ఒక్క తప్పు లేదు బిడ్డా" అన్నడు.

చలికాలం దాక చూసినం, జవాబు రాలే. ఒకనాడు పొద్దుగాల బాపు చాప మీద జరిగి, పక్కన నాకు జాగ ఇచ్చిండు.