పదహారో తల

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. పుట్టింది, పెరిగింది అమీర్‌పేటలో. మనుషులకే నిలబడడానికి చోటు దొరకని ఆ సందుల్లో దయ్యం ఎక్కడ కాపురం పెడుతుందని చిన్నప్పుడే తేల్చేసుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ అని కూడా నేననను. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

మా నాన్న టైలర్. తాతలది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. మెట్రో స్తంభాల వెనక సందులో నాన్న దుకాణం, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. చుట్టుపక్కల హోటళ్ళకీ ఆఫీసులకీ యూనిఫారాలు కుడతాడు. కుట్టిన చొక్కాలను కట్ట కట్టేముందు లెక్కపెట్టడం చిన్నప్పటినుంచీ నా పని.

దానికో పద్ధతి ఉంది. మొదటిదాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు. వడ్లు కొలిచేవాళ్ళ అలవాటే మా ఇంట్లో చొక్కాలకీ వచ్చింది. ఇంకో నియమం మాత్రం నాన్న సొంతం. ప్రతి చొక్కా మీదా చెయ్యి పడాలి.

"కండ్లతోని లెక్కవెట్టకు బిడ్డా. చెయ్యి తాకినంకనే అంకె అను," అనేవాడు.

ఆ నియమాన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు. పరీక్షలు నెత్తిమీద ఉన్నా సరే, వంద చొక్కాలుంటే వందసార్లు చెయ్యి వెయ్యాల్సిందే. చివరికి అది ఎంత అలవాటైపోయిందంటే, చేతికి ఏదైనా తగిలితే తప్ప నా నోట్లోంచి అంకె ఊడిపడదు.

సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో మా కాలేజీ పదహారుమందిని ఎంపిక చేసి, మూడు వారాల చదువుకని ఆస్ట్రియా పంపింది. మా సార్ ఒకాయన వెంట వచ్చారు. ఆ పదహారుమందిలో నేనున్నాను, నా స్నేహితురాలు శ్రీజ ఉంది.

శ్రీజ వాళ్ళది పంజాగుట్ట. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. శ్రీజకి ఒక జబ్బుంది, జబ్బన్నది నేను పెట్టిన పేరే, చూసిన దాన్ని వదలదు. ల్యాబ్‌లో అందరం బయటికొచ్చి టీ తాగేసినా ఆమె ఇంకా మీటర్ ముందే నిలబడి ఉంటుంది. ప్రయాణానికి ముందురోజు వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళమ్మగారు పులిహోర పొట్లాలు సర్దుతూ నా చెయ్యి పట్టుకున్నారు.

"మౌనికా, ఇది ఎక్కడ నిలబడితే అక్కడే ఉండిపోతుందమ్మా. మీ సార్‌కి పదహారుమందీ కావాలి. నాకిది ఒక్కతే. మళ్ళీ తెచ్చి ఈ గుమ్మంలో నువ్వే నిలబెట్టాలి."

నా పూచీ ఆంటీ అన్నాను, నోట్లో పులిహోర పెట్టుకునే. పూచీ అంటే ఏంటో అప్పుడు నాకేం తెలుసు.

దారిలో విమానం మారేచోటే ఇద్దరు అబ్బాయిలు తప్పిపోయి, అరగంట తర్వాత దొరికారు. సార్‌కి చెమటలు పట్టాయి. ఆ రోజే తలలు లెక్కపెట్టే ఉద్యోగం నాకు ఇచ్చారు. నేను నాకు తెలిసిన పద్ధతిలోనే లెక్కపెట్టాను. లాభం అని ముందు నా తల మీద నేనే చెయ్యి పెట్టుకోవడం, తర్వాత ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేస్తూ రెండు, మూడు అంటూ పోవడం. బస్సులో ఒకటే నవ్వులు. కిరణ్ అని మా క్లాసులో పెద్ద నోరున్నవాడు ఒకడున్నాడు, నేను దగ్గరికి రాగానే తల వంచి, దీవించు తల్లీ అనేవాడు. రెండో వారం వచ్చేసరికి నేను లేచి నిలబడితే చాలు, బస్సు బస్సంతా "లాభం" అని అరిచేది.

ఆ శుక్రవారం మమ్మల్ని కొండల మధ్య ఒక ఆనకట్ట చూడ్డానికి తీసుకెళ్ళారు. పెద్ద ఆనకట్టల గోడ లోపల, నీటి ఊట ఎంత ఉందో, పగుళ్ళేమైనా కదులుతున్నాయో చూసుకోవడానికి సొరంగంలాంటి దారి ఉంటుంది. గ్యాలరీ అంటారు. లోపల ఫ్రిజ్‌లో నడుస్తున్నట్టే ఉంది. మనుషుల అలికిడి లేకపోతే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. ఫోన్లు పనిచేయవు. తలుపు దగ్గర బయటి గోడకి మా పదహారుమందికీ పదహారు కొక్కేలు, పదహారు పసుపు హెల్మెట్లు. లోపలికి వెళ్ళేటప్పుడు తలకో హెల్మెట్ తీసుకోవడం, వచ్చేటప్పుడు ఎవరిది వాళ్ళు తగిలించడం. సాయంత్రం ఐదింటికి తలుపుకి తాళం వేస్తారు. శుక్రవారం వేస్తే మళ్ళీ సోమవారమే తీస్తారని ముందే చెప్పారు.

మేం నాలుగు జట్లుగా విడిపోయి, నేనూ శ్రీజా ఒకే జట్టు, గోడకున్న మీటర్ల రీడింగులు రాసుకున్నాం. నాలుగున్నర దాటాక బయటపడ్డాం. ఆనకట్ట మీదుగా పది నిమిషాలు నడిస్తే అవతల ఒడ్డున మా బస్సు. నేను ముందు గుంపులో కబుర్లాడుతూ నడిచాను. వెనకెవరున్నారో చూడలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

బస్సెక్కాక సార్ కాగితం తీసి పేర్లు పిలిచారు. అందరూ పలికారు. పదహారు టిక్కులు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాత నేను లేచాను. లాభం అన్నాను, నా తలతో మొదలుపెట్టి చివరి సీటుదాకా వెళ్ళాను. పదిహేను.

కిరణ్ పగలబడి నవ్వాడు. "లాభం అని నీ నెత్తిని మింగేసినవ్, నిన్ను నువ్వు కలుపుకో," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఈసారి నా తలకి గట్టిగా ఒకటి తగిలించుకుని మరీ మొదలుపెట్టాను. పదిహేను. అప్పుడు కిరణ్ లేచి, నిలబడ్డచోటు నుంచే చూపుడువేలుతో గబగబా లెక్కపెట్టి పదహారు తేల్చాడు. సార్ కాగితం చూపించి, కూర్చో అమ్మా, డ్రైవర్ చూస్తున్నాడు అన్నారు.

కూర్చోవలసిందే. కానీ నా చెయ్యి ఒప్పుకోలేదు. చొక్కా తక్కువైనప్పుడు అరచేతిలో ఒక వెలితి ఉంటుంది, అది ఇంకొకరికి చెప్పడం కష్టం. మూడోసారి మొదలుపెట్టాను, ఈసారి నిదానంగా.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. శ్రీజని నేను కూడా చూశాను. కుడివైపు కిటికీ పక్క సీటులో, మెరూన్ రంగు జాకెట్, టోపీ కళ్ళదాకా దించుకుని అద్దానికి తల ఆనించి ఉంది. అలసిపోయింది పాపం అనుకున్నాను కూడా. ఆ తల మీద చెయ్యి పెట్టాను. చెయ్యి కిందికి జారి చల్లటి సీటుకి తగిలింది. అప్పుడుగానీ నా కళ్ళకి ఆ సీటు ఖాళీ అని కనబడలేదు.

"సార్, శ్రీజ లేదు," అన్నాను.

సార్ వచ్చి చూసి, ఇప్పుడేగా పలికింది, బాత్రూమ్‌కి దిగి ఉంటుంది అన్నారు. ఆయన తప్పు లేదు. ఆయన చెవులతో ఆయన విన్నారు. ఇద్దర్ని తీసుకుని ఆ చుట్టుపక్కల వెతకడానికి వెళ్ళారు. నేను మాత్రం ఆనకట్ట మీద వెనక్కి పరుగెత్తాను. కిరణ్ నా వెనకే వచ్చాడు. ఐదింటికి నాలుగు నిమిషాలుంది.

తలుపు దగ్గర తాళాలు చూసుకునే పెద్దావిడ అప్పటికే తాళం వేస్తోంది. మీ సార్ అందరూ వచ్చేశారన్నారే అని ఇంగ్లీషులో అంది. నాకు ఆయాసంతో ఇంగ్లీషు రాలేదు. నేరుగా హెల్మెట్ల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కదాని మీదా చెయ్యి వేస్తూ తెలుగులోనే లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. పదిహేను దగ్గర హెల్మెట్లు అయిపోయాయి. పదహారో కొక్కెం మీద చెయ్యి పెట్టి ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడకి భాషతో పని లేకపోయింది. తాళం తీసేసింది.

శ్రీజ లోపల పక్కకు దిగే ఇనప మెట్ల అడుగున దొరికింది. మా జట్టు ఒక మీటర్ రీడింగ్ వదిలేసిందని గుర్తొచ్చి, ఒక్కతే దిగిందట. రాసుకుని తిరిగి ఎక్కేటప్పుడు కాలు మడత పడింది. పాదం వాచిపోయి, నిలబడలేకపోయింది. దీపాలు ఆరిపోయాయి. హెల్మెట్ పక్కన పెట్టుకుని, నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని, చలికి వణుకుతూ కూర్చుని ఉంది. నేను వంగి ఆమెను లేపుతుంటే నా చెవిలో ఒక మాట అంది. ఆ మాట తర్వాత చెబుతాను.

కిరణ్ ఆమెని వీపు మీద వేసుకుని మోశాడు. ఆనకట్ట మీద నడిచి వస్తుంటే అవతల బస్సు హారన్ మోగుతూనే ఉంది, మా వాళ్ళంతా దిగి మాకు ఎదురు పరుగెత్తుకొచ్చారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, లాభం, లాభం అని ఆ కొండలు మార్మోగేలా అరిచారు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేసిన రోజు అది. నా జీవితంలో అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు. సార్ నా తల మీద చెయ్యి పెట్టారు. మెల్లగా హాజరు కాగితం నా చేతిలో పెట్టేశారు.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ఒక్కొక్కర్నీ అడిగాను. నలుగురు ఆమెను బస్సులో చూశామన్నారు. కిరణ్ అయితే చిప్స్ ప్యాకెట్ చాచాడట, వద్దన్నట్టు తల ఊపిందట. అప్పటిదాకా గొప్పగా మాట్లాడినవాడు ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో సార్ శ్రీజని మెల్లగా అడిగారు. చీకట్లో ఆమెకి సార్ గొంతు వినబడిందట, పేర్లు పిలుస్తున్నట్టు, పక్కనే నిలబడి పిలుస్తున్నట్టు. తన పేరు రాగానే ఉన్న శక్తంతా కూడగట్టుకుని "ప్రెజెంట్ సార్" అని అరిచిందట. మేం బస్సు దగ్గర, ఆమె అంత మందం కాంక్రీటు గోడ లోపల. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

చివరి రోజు రిపోర్టులు చదివారు. ఆ మెట్ల అడుగున ఉన్న మీటర్ రీడింగ్ నాలుగు జట్లలో మా ఒక్క జట్టుకే ఉంది. మొదటి బహుమతి మాదే. శ్రీజ కట్టుకట్టిన కాలితో కుంటుకుంటూ వేదిక ఎక్కి, నన్ను కూడా లాక్కెళ్ళింది.

హైదరాబాద్‌లో దిగాక నేను మా ఇంటికి పోలేదు. సామానుతో సహా ముందు పంజాగుట్టకే వెళ్ళాను. లిఫ్ట్ పనిచేయడం లేదు. మూడంతస్తులూ శ్రీజని భుజం పట్టి ఎక్కించి, వాళ్ళ గుమ్మంలో నిలబెట్టి, కాలింగ్ బెల్ కొట్టాను. వాళ్ళమ్మగారు తలుపు తీసి కూతుర్ని చూశారు, కట్టు చూశారు, నన్ను చూశారు. ఇద్దర్నీ కలిపి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

ఇక ఆ మాట. దాన్ని నేను నాన్న ఒక్కడికే చెప్పాను. అమీర్‌పేట దుకాణంలో, ఆయన మిషన్ ముందు కూర్చుని ఉండగా చెప్పాను. మెట్ల అడుగున నేను శ్రీజని లేపుతున్నప్పుడు, బస్సులో ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పకముందు, ఆమె నా చెవిలో అన్నది ఇది:

"మూడుసార్లు వచ్చి తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయావు. పిలుస్తుంటే పలకవేంటే?"

తర్వాత అడిగితే, అలా అన్నట్టు తనకి గుర్తు లేదంది.

నాన్న మిషన్ ఆపాడు. "నీ చేతికి మరి ఏం తాకింది?" అన్నాడు.

"సీటే తగిలింది నాన్నా. చల్లగా."

ఆయన సూది దగ్గర దారం తెంపాడు. "నీకు తాకకపోతే ఏంది బిడ్డా. ఆమెకు తాకింది గద. సాలు," అని, కుట్టిన చొక్కాల కట్ట నా ముందుకి తోశాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. బస్సులో కూర్చున్నదెవరో, చీకట్లో ఆమె తల నిమిరిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసునని ఎవరైనా అంటే నమ్మను కూడా. మేం పదహారుమందీ అప్పుడప్పుడు పంజాగుట్టలో కలుస్తూనే ఉంటాం. విడిపోయేముందు లెక్కపెట్టమని వాళ్ళే గోల చేస్తారు. ఒక్కటే మార్చాను, ఇప్పుడు లెక్క నా తలతో మొదలుపెట్టను. లాభం అని ముందు శ్రీజ తల మీద చెయ్యి పెడతాను. ఆ తల నా చేతికి వెచ్చగా తగిలేదాకా రెండు అనను.