నేతిచుక్క వెనక బావగారు

ఆ రోజుల్లో, అంటే పెళ్లి వీడియోలు డీవీడీల్లోంచి పెన్‌డ్రైవుల్లోకి మారుతున్న కాలంలో, విజయనగరంలో మా మావయ్య స్టూడియోలో పనిచేస్తూ నన్ను నేను పెద్ద కళాకారుణ్ణనుకునేవాణ్ణి. ముందున్న వస్తువు స్పష్టంగా, వెనకున్న లోకమంతా మసకగా రావడమే కళ అని నా నమ్మకం. భోజనాల బంతి వెంట లైటు పట్టుకుని నడుస్తూ, నమిలేవాళ్ల ముఖాలు వరసగా తియ్యడమంటే మహా చిన్నతనం. (మావయ్య మాత్రం "బంతి తియ్యకపోతే పెళ్లి తియ్యనట్టేరా" అనేవాడు. పాతకాలం మనిషిలే అని ఊరుకునేవాణ్ణి.)

గరివిడి దగ్గర ఓ రైతు కూతురి పెళ్లికి నన్నొక్కణ్ణే పంపాడు. నేను అన్నం మీది ఆవిరి తీశాను, విస్తట్లోకి జారే నేతిచుక్క తీశాను. నెల తిరిగాక వీడియో పట్టుకెళ్తే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. నేతిచుక్క జారింది. నేను మెచ్చుకోలు కోసం ముఖాలు చూస్తున్నాను.

"మా బావేడీ?" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

ఆయన అక్క మొగుడు ఏళ్ల తరబడి అలిగి, ఈ పెళ్లికే గడప తొక్కాడట. వచ్చాడు గానీ ఎంగిలిపడకుండా వెళ్లిపోయాడని ఊళ్లో ఎవరో పుట్టించారు. తిన్నాడనడానికి నా వీడియోయే సాక్ష్యం. నేతిచుక్క వెనక గుమ్మడిపండులా మసగ్గా ఉన్నది బావగారేనని వేలు పెట్టి చూపించాను.

"నాకు తెలుస్తాది బాబూ. ఊరికెలా తెలుస్తాది?" అన్నాడాయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

నేనే వెళ్లి బావగారిని బతిమాలుకున్నాను. "తిన్న బోయినం మళ్లీ తినమంటావేటి?" అని విసుక్కుంటూనే, పెళ్లినాటి పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. పెరట్లో విస్తరి వేశారు. ఒంటి విస్తరి బంతిలా కనిపించదని పెళ్లికూతురి తండ్రిని కూడా పక్కన కూర్చోమన్నాను.

"ఆ రోజు నాను వడ్డించాను కదా. ఇప్పుడు కూకుంటే అబద్ధమైపోతాది," అన్నాడాయన.

"కూకోరా," అన్నాడు బావగారు. "అబద్ధమైతే అవనీ. నీ పక్కన కూకుని తిని ఎన్నాళ్లయిందో."

లైటు తిన్నగా ముఖాల మీద పెట్టి తీశాను. ఇద్దరూ నమలడం ఆపి కెమెరానే చూశారు. అంత కళావిహీనమైన షాట్ నేను మళ్లీ తియ్యలేదు. ఆయన దాన్ని ఊరందరికీ చూపించాడట. పెళ్లిపందిరి ఏదని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు నాకు డ్రోను ఉంది, కాస్త బొజ్జా ఉంది. "ఆర్టుగా తియ్యాలన్నా" అని పెళ్లికొడుకులే అడుగుతారు. అలాగే తీస్తాను. బంతి వేశారనగానే మాత్రం డ్రోను దింపేసి లైటు పట్టుకుంటాను. చూసినవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వేస్తాను. కానీ ప్రతి విస్తరి దగ్గరా ఆగుతాను. ఎవరి మీద అలక మానుకుని ఎవరొచ్చి కూర్చున్నారో నాకేం తెలుసు.