బాలి కుట్టిన బస్తాలు

బూర్గంపాడు చుట్టుపక్కల మిర్చి పండించేవాళ్ళు చెంచురామయ్యను అడక్కుండా సరుకు అమ్మేవారు కాదు. ఆయన బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర గలగలలాడించి, "ఇప్పుడొద్దు, కోల్డ్ స్టోరేజీలో పడెయ్, దసరా దాటనీ" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. వాళ్ళ నాన్న కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్న కుటుంబం. మిర్చి విషయంలో ఆయన లెక్క తప్పిన ఏడాదంటూ లేదు. ఆ లెక్కే కొంప ముంచింది, ఏం చెప్పమంటారు!

2008 ఎండాకాలంలో ఆయనకు షేర్ల పిచ్చి పట్టుకుంది. ఖమ్మం మిర్చి యార్డుకు వెళ్ళినప్పుడల్లా బస్టాండు పక్కన మేడ మీదున్న బ్రోకరు ఆఫీసులో టీవీ ముందు కూర్చునేవాడు. ఖానాపురం హవేలి నుంచి వచ్చే రిటైర్డ్ పంతులమ్మ నిర్మలాదేవి, ఇంకొందరు ఉద్యోగస్తులు అక్కడ ఆయనకు తోడు. సముద్రంలో చమురు తవ్వే ఓ కంపెనీ షేరు మీద పడింది ఆయన కన్ను. "జనం కారం తినడం మానతారా? బండ్లు నడపడం మానతారా? రెండూ ఒకటేనండీ!" అని అందరినీ ఒప్పించాడు. పెద్దమనిషి, మార్కెట్టు తెలిసినవాడు, కాదనేదెవరు?

వానలు తగ్గుముఖం పట్టేసరికి ఆ షేరు జారడం మొదలైంది. టీవీలో అడుగున పరిగెత్తే అంకెలన్నీ ఎర్రబడ్డాయి. టీ కప్పులు చల్లారిపోతున్నా ఎవరూ తాగడం లేదు. ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అని గుసగుసలాడుకుంటూ అందరూ చెంచురామయ్య మొహం చూసేవారు.

ఓ రోజు నిర్మలాదేవి చేతిసంచి సర్దుకుని లేచింది. "నావన్నీ అమ్మేశానండీ చెంచురామయ్య గారూ. పోయింది పోగా మిగిలిందే చాలు. మీరూ బయటపడండి."

"ధర పడ్డప్పుడు అమ్మేవాడు రైతెలా అవుతాడమ్మా? చల్లగా దాచిపెడితే అదే లేస్తుంది."

"దాచుకోడానికి ఇదేమన్నా మిర్చా అండీ? మీరు సగం డబ్బు బ్రోకరు దగ్గర తీసుకుని కొన్నారు. ధర ఇంకా పడితే ఆయన మీకోసం ఆగుతాడా?"

చెంచురామయ్య నవ్వేశాడు. ఆ రోజే మెట్లు దిగి ఇంటికి పోయుంటే ఈ కథే లేదు. పోలేదు. చవగ్గా దొరుకుతున్నప్పుడే ఇంకొన్ని కొనాలనుకుని, తిన్నగా కోల్డ్ స్టోరేజీ యజమాని దగ్గరికి వెళ్ళి, లోపలున్న తన బస్తాలన్నిటి మీదా అప్పు తీసుకున్నాడు. గడువులోగా కట్టకపోతే సరుకు అమ్మి డబ్బంతా యజమానే పట్టుకోవచ్చని సంతకం కూడా పెట్టాడు.

తన బస్తాలన్నీ అన్నాను చూశారూ, అక్కడే ఉంది పాపమంతా. అందులో కొన్ని ఆయనవి కావు. ఊరవతల తండాలో ఉండే భీమ్లావి. కాస్త సరుక్కి వేరే లారీ ఎందుకని ఏటా భీమ్లా తన బస్తాలను చెంచురామయ్య లారీలోనే వేసేవాడు. అవన్నీ ఆయన పేరు మీదే లోపలికి పోయేవి. ఇద్దరి మధ్యా చీటీ లేదు, సాక్షి లేడు. అన్నా అంటే అన్నే. భీమ్లా పెళ్ళాం బాలి మాత్రం తమ బస్తాలు కలిసిపోకుండా మూతులను ఎర్రదారం, పచ్చదారం కలిపి దబ్బనంతో కుట్టేది. గాజులు గలగలలాడిస్తూ తండా ఆడవాళ్ళు పైటకు కుట్టుకునే అల్లికలాంటిదే ఆ కుట్టు. కాయలు ఏరీ ఏరీ మండిపోయే వేళ్ళతోనే కుట్టేది తల్లి.

దసరా వెళ్ళింది. మార్కెట్టు కుప్పకూలింది. చెంచురామయ్యను ఒక్క మాటైనా అడక్కుండా బ్రోకరు షేర్లన్నీ అమ్మేసుకుని తన బాకీ పట్టుకున్నాడు. ఆ వెనకే కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను. "గడువు దాటింది. మీ సరుకు యార్డులో దించుతున్నాం." చెంచురామయ్య బతిమాలాడు, ఒట్లు పెట్టాడు. అవతల ఫోను పెట్టేశారు.

మర్నాడంతా ఆయన అరుగు మీంచి కదల్లేదు. గేటు చప్పుడైతే చాలు, భీమ్లాయేమోనని తొంగి చూస్తున్నాడు.

"అన్నం కలిపి అలాగే వదిలేశారేంటండీ? ఒంట్లో బాలేదా?" అని భార్య సుబ్బరత్నం నుదురు తాకి చూసింది. ఆయన కంచం పక్కకు జరిపాడు. నోరు విప్పితే ముందు ఏడుపొస్తుందని భయం.

పొద్దు వాలుతుండగా మోపెడ్ చప్పుడైంది. భీమ్లా! మొహం వెలిగిపోతోంది మనిషికి.

"అన్నా! నువ్ దేవునివన్నా! ఖమ్మం పోయొస్తున్న. జెండా పాట ఎంత లేసిందో ఎరుకేనా?" యార్డులో పొద్దున్నే జెండా కింద పాడే మొదటి పాట అది, ఆ రోజు ధరకు అదే ఆనవాలు. "దసరా దాటనియ్ అంటివి, అట్లనే అయింది. మన బోరు ఎండింది గదా, తోట వాడిపోతుంది. బోరు లారీ వానికి రేపు రమ్మని చెప్పిన. మన బస్తాలు జల్దీ తీపియ్యన్నా."

చెంచురామయ్య అరుగు మీద కాస్త పక్కకు జరిగాడు. "కూర్చో భీమ్లా" అన్నాడు ఎలాగో.

"కూసునుడు గాదు, ఇగో గిది ఇను. జెండా పాట పలికిన సరుకుంది చూడు, ఏం రంగన్నా అది! చేతుల పట్టుకొని చూసిన. బస్తా మూతికి ఎర్రదారం, పచ్చదారం. అచ్చం మా బాలి కుట్టినట్టే!" భీమ్లా తొడ చరుచుకుని నవ్వాడు. "ఒక్క ఘడియ మనయే అనుకున్న. మళ్ళ నాకే నవ్వొచ్చింది. అన్న చెప్పకుంట మన బస్తాలు గాడికెట్లొస్తయ్?"

సుబ్బరత్నం మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలోకి వచ్చింది. మొగుడి మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"అవి మీవే భీమ్లా."

"పరాచకాలాడకన్నా."

"నీవే. నేనే పోగొట్టాను. షేర్లలో."

భీమ్లా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎప్పుడు ఆగిందో చెంచురామయ్య చూడలేదు, తల దించుకున్నాడు. తిడతాడనుకున్నాడు, చొక్కా పట్టుకుంటాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననిపించింది. భీమ్లా అదేం చెయ్యలేదు. జేబులోంచి ఏదో తీసి అరుగు మీద పెట్టాడు. రెండు రంగుల దారం ముక్క. యార్డులో ముచ్చటపడి బాలికి చూపిద్దామని తెంపుకొచ్చినట్టున్నాడు.

మోపెడ్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నడువన్నా, ఎక్కు. బాలికి నువ్వే చెప్పాలె. నాతోని కాదు."