చెరకు లేని ఊళ్లో చెరకు తోట

ప్రభుత్వ కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో తెలియడానికి పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెడతారు. ఇరవై ఆరేళ్ల టీచరు ఉద్యోగంలో ఆ గుర్తు కనబడిన చోటల్లా సంతకం పెట్టాను. మధ్యాహ్న భోజనం రిజిస్టరు, ఓటర్ల జాబితా, శిక్షణకు వెళ్లినట్టు ఒకటి, వెళ్లకపోయినా వెళ్లినట్టు ఇంకొకటి. చదివి పెట్టినవి తక్కువ. నేను చెప్పేది సాంఘిక శాస్త్రం. ప్రాథమిక హక్కుల పాఠం ఏటా చెబుతాను, బాగా చెబుతానని పేరు కూడా ఉంది. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

బోధన్ వైపు ఒక మండలంలో మా బడి. ఏ మండలమో చెప్పను. చెబితే ఆ ఠాణా ఒక్కటే అలాంటిదని మిగతావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు దారికి రెండు పక్కలా చెరకే. అది మూతపడ్డాక రైతులు వరికి మళ్లారు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసిన ఒకాయన ఇల్లు మా బడికి ఎదురుగానే ఉండేది. పని పోయాక వరికోత మిషన్లు, మోటార్లు బాగుచేసుకుంటూ బతికేవాడు. మా బడి బోరు ఆగినప్పుడల్లా పానా పట్టుకుని వచ్చేది అతనే. భార్య బీడీలు చేసేది.

ఒక సోమవారం ప్రార్థన అయిపోగానే ఆమె బడికి వచ్చింది. కొంగుకు తునికాకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. బీడీల చాట ముందు నుంచి అలాగే లేచి వచ్చినట్టుంది.

"టీచరమ్మా, మా ఆయిన్ని పొద్దుగాల పోలీసోళ్లు పట్కవోయిండ్రు. ఫ్యాక్టరీల రాగి తీగ పోయిందట. ఠాణకు వోతే ఈడ లేడు పో అంటున్నరు. నిజామాబాద్ల పెద్దసారుకు ఓ దరఖాస్తు రాసియ్యుండ్రి."

ఒక పేజీ. పది నిమిషాల పని. నేనేమన్నానో నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది.

"ఇయ్యాల తనిఖీ ఉన్నదమ్మా. రేపు రా, రాసిస్త. ఏం తప్పు చెయ్యకపోతే వాళ్లే ఇడిసిపెడ్తరు."

మర్నాడు ఆమె రాలేదు. ఠాణా గేటు దగ్గర కూర్చుని ఉందని ఎవరో అన్నారు. నేను కబురు పంపి పిలిపించలేదు. స్టాఫ్ రూంలో లెక్కల సారు టిఫిన్ డబ్బా మూత తీస్తూ "ఉత్తగనే పట్కపోతరా మేడం?" అన్నాడు. ఈ మాట మా దగ్గర ఎంత సులువుగా నోట్లోంచి వస్తుందో చెప్పలేను. పట్టుకుపోయారు కాబట్టి ఏదో చేసే ఉంటాడు, ఏదో చేశాడు కాబట్టే పట్టుకుపోయారు. పిల్లలకు నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే అని చెప్పి, ప్రశ్న అడిగి, మార్కులు వేసే నేను ఆ రోజు తలూపి అన్నం తిన్నాను.

గురువారం కానిస్టేబుల్ బడికి వచ్చాడు. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి, నౌకరీ చేసేవాళ్లయితే కోర్టులో బాగుంటుంది అన్నాడు. పంచాయతీలో పన్నులు వసూలు చేసే కారోబార్ అప్పటికే వెళ్లి కూర్చున్నాడట. మా హెడ్మాస్టరు టైంటేబుల్ చూశాడు. ఆ పీరియడు ఖాళీగా ఉన్నది నేనే. పదోతరగతి నోటు పుస్తకాలు దిద్దడం ఆపి బయలుదేరాను.

ఠాణాలో ఫిట్టరు గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు. ఎవరో అతనికి టీ ఇచ్చారు. వేళ్లతో గ్లాసు పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగుతున్నాడు. అరచేతులు బూరెల్లా పొంగి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు, లేవలేక తల వంచాడు. తెలిసిన టీచరమ్మ వచ్చిందని ధైర్యం వచ్చి ఉంటుంది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. బల్ల కింద గోనెసంచి చూపించాడు. అందులో రాగి తీగ చుట్టలు.

"మాల్ దొరికింది మేడం, ఒప్పుకున్నడు. జర గీడ, గీడ, గీడ పెట్టుండ్రి."

మూడు చోట్ల పెన్సిల్ ఇంటూ గుర్తులు. మూడు చోట్లా పెట్టాను. తిరిగి వచ్చేసరికి పీరియడు గంట ఇంకా కొట్టలేదు. తర్వాత తరగతిలో ప్రాథమిక హక్కులు చెప్పానని రాస్తే కథ కుదిరినట్టు ఉండేది. కాదు, రుతుపవనాలు చెప్పాను.

మరుసటి రోజు పేపర్లో ఫొటో వచ్చింది. బల్ల మీద రాగి తీగ, వెనక పోలీసులు, మధ్యలో ముఖానికి ముసుగు వేసిన మనిషి. ముసుగు ఎందుకో నాకు అర్థం కాలేదు, ఊరంతటికీ ఆ భుజాలు తెలుసు. బెయిలు వచ్చేదాకా మూడు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చాక కూడా అతన్ని ఎవరూ మోటారు బాగుచేయడానికి పిలవలేదు. మా బడి కూడా పిలవలేదు.

రెండేళ్లు దాటాక నాకు సమన్లు వచ్చాయి. కోర్టు వరండాలో కానిస్టేబుల్ ఒక జిరాక్సు చేతికిచ్చాడు.

"ఒక్కపారి సదువుకోండి మేడం. గట్లనే చెప్తె అయిపోతది."

నేను సంతకం పెట్టిన కాగితాన్ని చదవడం అదే మొదటిసారి. ముద్దాయిని 'ఈ రోజు ఉదయం ఆరు గంటలకు' బస్టాండు దగ్గర పట్టుకున్నారట. అంటే గురువారం. అతను ఎవరి బలవంతమూ లేకుండా నేరం ఒప్పుకున్నాడట. తర్వాత కారోబార్‌నూ నన్నూ పోలీసులతో పాటు జీపులో తీసుకువెళ్లి, ఊరికి పడమర ఏపుగా పెరిగిన చెరకు తోటలో మూడో సాలు దగ్గర తవ్వి రాగి తీగ తీసి ఇచ్చాడట.

ఏపుగా పెరిగిన చెరకు తోట. ఆ ఊళ్లో పిల్లలకు చెరకు గడ చూపించాలంటే నేను నిజామాబాద్ నుంచి కొనుక్కుని వెళ్లాలి. ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఎవరో రాసిన పంచనామాను, పేర్లు మార్చి మార్చి, ఇన్నేళ్లుగా దించుతున్నారు. చెరకు పోయి వరి వచ్చిందని ఠాణాలో తెలియదా అంటే తెలుసు. సంతకం పెట్టేవాళ్లు చదవరని కూడా తెలుసు.

నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియనంత కోపం వచ్చింది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. అతను చెప్పిన చోట వస్తువు దొరికితే దానికి విలువ. అందుకని వస్తువు దొరకాలి, దొరుకుతుండగా చూసిన ఇద్దరు ఉండాలి. పట్టుకున్న ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం చెబుతుంది. అందుకని సోమవారం గురువారం కావాలి. ఎవరినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని కూడా చెబుతుంది. అందుకని ఆ చేతులు ఎవరికీ కనబడకూడదు. ఇన్ని హక్కులను తుడిచేయడానికి ఏ పెద్ద కుట్రా అక్కర్లేదు. ఖాళీ పీరియడు ఉన్న ఒక టీచరు చాలు. ఇప్పుడు కొత్త చట్టంలో సోదాలు వీడియో తీయాలంటున్నారు. మంచిదే, ఆ వీడియో కిందా ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా.

బోనెక్కాను. ప్రభుత్వ వకీలు కాగితం చూపించాడు.

"సంతకం మీదేనా?"

"నాదే."

"మీరు చెరకు తోటకు పోయిండ్రు గదా?"

"పోలేదు. ఆ ఊళ్లె చెరకే లేదు."

మేజిస్ట్రేటు తలెత్తి చూశారు. నేను ఆగలేదు.

"ఆయిన్ని పట్టుకున్నది గురువారం కాదు, సోమవారం. ఆ పొద్దుగాల ఆయన భార్య దరఖాస్తు రాసియ్యమని నా దగ్గరికొచ్చింది."

"వస్తే మీరేం జేసిండ్రు?" వకీలు నన్ను ఇరికించానని అనుకుని అడిగాడు. నిజంగానే ఇరికించాడు.

"రేపు రమ్మన్న."

ఆ మాట కూడా టైపు చేయించారు. నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించారు. చదవకుండా అబద్ధం మీద సంతకం పెట్టినప్పుడు నేను నమ్మకమైన సాక్షిని, నిజం చెప్పగానే ఎదురు తిరిగినదాన్ని. పోలీసుల నుంచి మా శాఖకు ఉత్తరం వెళ్లింది, అక్కడి నుంచి నాకు మెమో వచ్చింది. సొంత సంతకానికి విరుద్ధంగా ఎందుకు మాట్లాడారో సంజాయిషీ ఇమ్మన్నారు. ఎందుకు సంతకం పెట్టారని మాత్రం ఎవరూ అడగలేదు.

కొన్ని నెలలకు కేసు కొట్టేశారు. ఆ రోజు సెలవు పెట్టి కోర్టుకు వెళ్లాను. ఫిట్టరు నన్ను చూసి నమస్కారం పెట్టబోయాడు. కుడి చెయ్యి వేళ్లు పూర్తిగా ముడవవు, పూర్తిగా తెరుచుకోవు. ఇప్పుడు పానా పట్టలేడని, రైసుమిల్లు దగ్గర వాచ్‌మన్‌గా ఉంటున్నాడని తెలిసింది.

"సాక్షెం నిజం జెప్పిండ్రు టీచరమ్మా, శాన మంచిగైంది" అన్నాడు. ఆ మెచ్చుకోలుకు నేను ఏమైపోవాలో తెలియలేదు. ఏదో ఒకటి అనాలని, ఆ సోమవారం నాడే అతని చేతులు అలా చేశారా అని అడిగాను.

జవాబు పక్కనే ఉన్న అతని భార్య చెప్పింది. గొంతులో కోపం లేదు, అడిగినదానికి చెప్పినట్టే చెప్పింది.

"సోమారం ఏం జెయ్యలేదు టీచరమ్మా. ఉత్తగ కూసోబెట్టిండ్రట. కొట్టింది మంగళారం."